తేడా లేదని రాయడం

వానాకాలం జ్వరాలు మొదలయ్యాయి. కృష్ణ ఒడ్డునున్న బౌద్ధ విహారంలో రోగుల సాల నిండిపోయింది. అక్కడ వైద్యం నేర్చుకుంటున్న విశాఖుడికి మాత్రం లోలోపల సంబరంగానే ఉంది. పల్లెలో వైద్యం చేస్తూ పోయిన తండ్రి అతనికి మిగిల్చింది ఒక్కటే, వేర్ల కషాయం. దాని గుణం చూపించడానికి ఇదే అదను. దాన్ని రోగులందరికీ పోయడానికి ఆచార్యుడు శీలనంది అనుమతి కావాలి.

"పోయిన వారం ఆరుగురికి పోశాను ఆచార్యా. నాలుగో రోజుకల్లా ఆరుగురూ లేచి తిరిగారు," అన్నాడు.

"తాగనివాళ్లు?"

విశాఖుడు నసిగాడు. "వాళ్లలోనూ... కొందరు లేచారు."

శీలనంది లోపలికి వెళ్లి రెండు తాటాకులూ గంటమూ తెచ్చి అతని ముందు పెట్టాడు.

"రేపటినుంచి సగం మందికి కషాయం, సగం మందికి గోరువెచ్చని నీళ్లు. ఎవరికేదన్నది చీట్లు వేసి తేలుద్దాం. ముందు నువ్వు నమ్మింది ఒక ఆకు మీద రాయి."

అదెంత పని! 'మా నాన్న కషాయంతో జ్వరం త్వరగా తగ్గుతుంది' అని చకచకా రాసేశాడు.

"ఆలస్యంగా తగ్గితే?"

విశాఖుడి ముఖం చిన్నబోయింది. ఆ ఆలోచన అతనికి ఎన్నడూ రాలేదు. రాసింది కొట్టేసి, 'కషాయానికీ నీళ్లకూ తేడా ఉంది' అని దిద్దాడు.

"ఇక రెండో ఆకు మీద, తేడా ఏమీ లేదని రాయి. పీట మీద కూర్చునేది ఈ మాటే. నీ మాట గుమ్మంలో నిలబడుతుంది. గట్టి సాక్ష్యం తెస్తేనే దీన్ని పీట మీంచి లేపుతాం."

గంటం కదల్లేదు. వేర్లు నూరి నూరి పసుపెక్కిన తండ్రి వేళ్లు కళ్లముందు మెదిలాయి. ఏడుపొచ్చింది.

"నాన్న మందు వట్టి నీళ్లతో సమానమని నా చేత్తో ఎలా రాయను? పరీక్ష అయ్యాక, రాయాల్సి వస్తే అప్పుడు రాస్తాను."

"అప్పుడైతే, వచ్చినదానికి తగ్గట్టు రాస్తావు."

శీలనంది తన పెట్టెలోంచి పురుగు తొలిచిన తాటాకొకటి తీసి అందించాడు. అక్షరాలు కుర్రతనపువే అయినా చేతిరాత ఆయనదే. 'మా గురువుగారి లేహ్యానికీ వట్టి తేనెకూ తేడా లేదు.'

విశాఖుడు నివ్వెరపోయాడు.

"గురువుగారి మందు మీద ఇంత మాట రాశారా! ఆయనకు కోపం రాలేదా?"

"రాయించింది ఆయనే."

విశాఖుడు ఆ పాత ఆకును జాగ్రత్తగా ఆయన చేతికిచ్చాడు. కళ్లు తుడుచుకుని, రెండో ఆకు ముందుకు లాక్కుని గంటం పట్టుకున్నాడు.