నకలుకు పెట్టిన పరీక్ష

పరదేశి మాస్టారు ప్రశ్నకు జవాబు చెప్పరు. అడిగినవాళ్ల చేతనే ఏదో ఒకటి పాడు చేయిస్తారు. విశాఖపట్నంలో ఆయన దగ్గర ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నవారిలో ఇలాంటి కథలు చాలా తిరుగుతుంటాయి. గురువుల గురించి శిష్యులు చెప్పేవాటిలో సగం తీసివేసి వినడం మంచిది. ఇది మాత్రం భంగపడిన శిష్యురాలే స్వయంగా చెప్పినది గనుక కొంత నమ్మవచ్చు.

ఆమె పేరు సుగుణ. పసిపిల్లల వార్డులో బిడ్డ బరువును బట్టి మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాము రాసింది. మర్నాడు ఉదయం దాన్ని ఆసుపత్రికి అప్పగించాలి. మాస్టారు ఆమె బిల్డ్ ఫైలు చూశారు. ఏయే ఫైళ్లను కలిపి ప్రోగ్రామును తయారుచేయాలో కంప్యూటరుకు చెప్పేది అదే. లెక్కలూ, తెర మీది బొమ్మలూ, ప్రోగ్రామును మొదలుపెట్టే భాగమూ అందులో ఒకే మూటగా ఉన్నాయి. లెక్కలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసే పరీక్షలూ చిన్న ప్రోగ్రాములే, వాటికీ సొంతంగా ఒక మొదలు ఉంటుంది గనుక, ఆ మూటను వాటికి జోడిస్తే మొదళ్లు రెండై బిల్డ్ ఆగిపోయేది. అందుకని సుగుణ లెక్కల ఫైలును పరీక్షల ఫోల్డరులోకి కాపీ చేసుకుని, అక్కడ వేరే బిల్డ్ ఫైలు పెట్టుకుంది. లెక్కలను విడిగా ఒక లైబ్రరీగా కట్టి, ప్రోగ్రామూ పరీక్షలూ దాన్నే వాడుకునేలా మార్చమన్నారు మాస్టారు.

నెగ్గిన పరీక్ష తెర మీద పచ్చగా, తప్పినది ఎర్రగా కనిపిస్తుంది. సుగుణ తెర చూపించింది.

"అన్నీ పచ్చగానే ఉన్నాయి కదా మాస్టారూ. ఏ ఫైలు ఏ గదిలో ఉంటే ఏంటండీ, ఇంటికి వాస్తు చూస్తున్నామా?"

మాస్టారు వాదించలేదు. ప్రోగ్రాములోని లెక్కల ఫైలు తెరిచి, బరువుతో గుణించే చోట భాగించమన్నారు. మార్చింది. పరీక్షలు నడపమన్నారు. నడిపింది. అన్నీ పచ్చగానే వచ్చాయి. శాసనం పగిలిన సంగతి ఎరగక దాని నకలు చదువుకుంటూ తృప్తిపడే పండితులు ప్రతి కాలంలోనూ ఉంటారు. సుగుణకు అప్పుడు ఈ పోలికలేవీ తోచలేదట.

లెక్కలను లైబ్రరీగా విడదీసింది, నకలును తుడిచేసింది. ఈసారి పరీక్షలు ఎర్రగా వచ్చాయి. భాగాహారాన్ని మళ్లీ గుణకారం చేసింది. ఒక్కటి తప్ప అన్నీ పచ్చబడ్డాయి. ఆ ఒక్కటీ నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల మోతాదుది. ఆ లెక్కలో తప్పును ఆమె కిందటి నెలలోనే పట్టుకుంది, దిద్దింది కూడా. దిద్దినది నకలులో.

అసలు ఫైలులోనూ ఆ లెక్క సరిచేసింది. తెరంతా పచ్చబడింది. అయినా సుగుణ, రేపు దీన్ని అప్పగించవచ్చునా అని అడిగింది.

మాస్టారు తన కుర్చీని ఆమె పక్కకు జరుపుకున్నారు.

"ఇందాక ఈ ప్రశ్న నీకు రాలేదమ్మా" అన్నారు.