ఎర్రదారం

“అన్నీ చూశాక కూడా తప్పు దొరకలేదంటే, నాకు పని రానట్టే కదా గురువుగారూ?” అని అడిగాడు ఏడుకొండలు. ఆటోనగర్‌లో బాజీ మేస్త్రి షెడ్డులో పదకొండేళ్లు పని నేర్చుకుని, వచ్చే దసరాకి సొంత షెడ్డు తెరవబోతున్న మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది. కానీ అతని ధైర్యాన్ని ఒక పసుపుపచ్చ లైటు నెల రోజులుగా కొంచెం కొంచెంగా కొరికి తినేసింది.

ఆ లైటు విమలకుమారి గారి కారుది. ఆవిడ నర్సు. మంచాన పడ్డవాళ్లకి కట్లు మార్చడానికి ఊరూరా తిరుగుతుంది. కారుకి పదిహేనేళ్లు నిండాయి. స్టీరింగు వెనక ఇంజను బొమ్మ వెలిగినప్పుడల్లా ఏడుకొండలు స్కానర్ తగిలించేవాడు. పొగగొట్టం దగ్గరి సెన్సారు పలకడం లేదని అది చెప్పేది. మొదటిసారి సెన్సారు మార్చాడు. లైటు ఆరింది, పది రోజులకి మళ్లీ వెలిగింది. రెండోసారి ఆ కొత్త సెన్సారునే అనుమానించి ఇంకొకటి వేశాడు. మూడోసారి ఫ్యూజులన్నీ పీకి, ప్లగ్గులన్నీ తుడిచి పెట్టాడు. లైటుకి అతని మీద పగేమీ లేదు గానీ, చుట్టంలా చెప్పిన రోజుకి వచ్చి పలకరించేది.

నాలుగోసారి వచ్చినప్పుడు విమలకుమారి గారు విసుక్కోలేదు. “నిన్న వంతెన మీద ఇంజను ఆగినంత పనైంది బాబూ. నీ వల్ల కాదంటే చెప్పు, నేనేమీ అనుకోను” అంది. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది. ఏడుకొండలు సొంత షెడ్డు మాట మానుకుందామని తీర్మానించుకున్నాకే గురువు ముందు నిలబడ్డాడు.

బాజీ మేస్త్రికి ప్రశ్నకి జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక వస్తువు పెడతాడు. ఆ మధ్యాహ్నం జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చాడు.

“నువ్వు చూసిన ప్రతిదాని మీదా గీత పెట్టు.”

ఇన్నేళ్ల తర్వాత సుద్దముక్క పట్టుకోవాల్సి వచ్చినందుకు ఏడుకొండలుకి తల కొట్టేసినట్టయింది. అయినా వంగి మొదలుపెట్టాడు. సెన్సారుకి గీత, ఫ్యూజుల పెట్టెకి గీత, నల్లటి వైర్ల కట్ట పొడవునా గీతలు. అరగంటకి ఇంజను మొత్తం ముగ్గు వేసిన వాకిలిలా తయారైంది. బ్యాటరీ పక్కన, వైర్ల కట్టలో ఒక జానెడు మేర మాత్రం నల్లగా మిగిలింది.

“అదెందుకు వదిలేశావు?”

“అది మీ అతుకండీ.”

తొమ్మిదేళ్ల కిందట ఎలుక కొరికిన వైర్లని మేస్త్రి అక్కడ అతికాడు. అతుకు మీద టేపు చుట్టి, వేడికి ఊడకుండా పైన ఎర్రదారం బిగించి కట్టడం ఆయన పద్ధతి. ఆ దారం కనిపిస్తే ఆటోనగర్‌లో ఏ మెకానిక్కూ అక్కడ చెయ్యి పెట్టడు. పెట్టే అవసరం ఉండదని వాళ్ల నమ్మకం. ఏడుకొండలు మూడుసార్లూ దాన్ని చూశాడు, మూడుసార్లూ దాటి ముందుకెళ్లాడు. ఒకసారైతే దాని మీది దుమ్ము తుడిచి, కళ్లకద్దుకున్నంత పని చేశాడు.

మేస్త్రి బ్లేడు అందించాడు. ఏడుకొండలు దాన్ని తిరిగి ఆయన వైపే చాపాడు.

“మీరే కొయ్యండి గురువుగారూ.”

“గీతలు పెడుతున్నది నువ్వు గదయ్యా.”

కోశాడు. ఎండిపోయిన టేపు పెళుసుగా ఊడివచ్చింది. లోపల రాగి తీగ పచ్చగా చిలుమెక్కి, రెండు పోగుల మీద వేలాడుతోంది. సెన్సారు మార్చినప్పుడల్లా ఈ కట్ట కదిలి తీగ తగులుకోవడం, నాలుగు గతుకులు పడగానే మళ్లీ విడిపోవడం, ఇదే జరిగిందన్నమాట. ఏడుకొండలుకి ముందు సంతోషం ముంచుకొచ్చింది. తనకి పని వచ్చు! ఆ వెంటనే గురువు గుర్తొచ్చి సిగ్గేసింది. తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాడు.

మేస్త్రి, షెడ్డు గుమ్మం దగ్గర కుర్చీలో ఎదురుచూస్తున్న విమలకుమారి గారి వైపు తిరిగాడు. “ఇన్నిసార్లు మిమ్మల్ని తిప్పింది వీడు కాదమ్మా, నేను. దసరా నుంచి బండిని వీడి షెడ్డుకే తీసుకెళ్లండి” అన్నాడు, టీ చల్లారిందని చెప్పినంత మామూలుగా.

ఏడుకొండలు పాడైన తీగ కత్తిరించి, కొత్త ముక్క వేసి, టంకం పెట్టి, టేపు చుట్టాడు. అతుకు ముచ్చటగా కుదిరింది. ఇప్పటి టేపులకి పైన దారం అక్కర్లేదు. అయినా గురువు పద్ధతిలోనే ముగించాలని అరలోంచి ఎర్రదారం ఉండ తీశాడు.

మేస్త్రి దాన్ని అతని చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

“వద్దులేవయ్యా. రేపు నీ శిష్యుడొకడు దీన్ని విప్పాల్సి రావచ్చు.”