కొత్త తిత్తులు

బస్సు కూలబడింది.

బస్సు నడిపే శిష్యుడు యుగంధర్ దిగి, చక్రం పక్కన వంగి చూశాడు. వెనక ఇరుసు మీద కుడికొకటి ఎడమకొకటి ఉండే రబ్బరు గాలి సంచులు రెండూ పగిలాయి. బస్సు వెనక బరువంతా ఆ సంచుల్లోని గాలి మీదే ఆనుతుంది. గాలి పోతే బస్సు కూర్చుంటుంది. అంతవరకూ అతనికి తెలిసిన లెక్కే.

లోపల మంచం మీద ఉన్న గురువుగారి లెక్కే అతనికి అందడం లేదు. ఆయనకూ ఊపిరి నిలవడం లేదు.

అచల మార్గం బోధించే గురువు రంగప్పయ్యకు ఆ పాత బస్సే ఇల్లు, అదే ఆశ్రమం. సీట్లు పీకేసి లోపల ఒక మంచం, ఒక పొయ్యి, తంబురా తగిలించడానికి ఒక మేకు. ఊరూరా ఆగడం, తత్వాలు పాడడం, అడిగినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి కదలడం. ఈమధ్య పాటలో సగం చరణానికే ఊపిరి అయిపోతోంది. ఎప్పుడో వయసులో నాపరాళ్ళు కోసిన మనిషి. ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిందని వైద్యులు చెప్పారు.

అంబులెన్సు పిలుస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "ఉన్న ఇంటినుంచి దించి ఇంకో ఇంట్లోకి ఎక్కించొద్దు నాయనా" అన్నారు. అందుకే యుగంధర్ బస్సునే వేలూరు ఆసుపత్రికి తిప్పాడు. దారిలో, ఎర్రగుంట్ల దాటాక, గనుల పక్కన ఇలా అయింది. చుట్టూ నాపరాళ్ళ గుట్టలు. ఆకుల మీద కూడా తెల్లటి దుమ్ము.

"ఎక్కడ ఆగినాం?" లోపల్నుంచి రంగప్పయ్య అడిగారు.

"రాతిగనుల దగ్గరయ్యా. ఆగకూడని చోట ఆగాం."

"మంచి చోటే" అన్నారాయన.

యుగంధర్ ఆ మాట పట్టించుకోలేదు. వేలితో గాలిలో రాసుకుంటూ లెక్క కడుతున్నాడు. "వేలూరు రెండువందల డెబ్భై కిలోమీటర్లు. ఈ బస్సు గంటకు నలభై అయిదు. అంటే ఆరుగంటలు. ఆక్సిజన్ సిలిండర్ తొమ్మిది గంటలొస్తుంది. మరమ్మతుకు నాకు మూడు గంటలుంది."

వంట చేసే సుంకులమ్మ పొయ్యి దగ్గర్నుంచి తల బయటికి పెట్టింది. భర్త పోయాక గురువు వెంటే వచ్చేసిన మనిషి. "ఆరూ మూడూ తొమ్మిది. మరి అన్నానికెన్ని గంటలబ్బీ?"

"అన్నం లెక్కలో లేదక్కా."

"నీ లెక్కలో మనుషులు కూడా ల్యారులే."

ఇంతకుముందు ఒకసారి గాలి దిగినప్పుడే యుగంధర్ కొత్త సంచులు తెప్పించి మంచం కింద పెట్టుకున్నాడు. ఎలా మార్చాలో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ఎవరికోసమూ ఎదురుచూడడం అతనికి చేతకాదు. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. జాకీలతో వెనకభాగం లేపి, చట్రం కింద చింతమొద్దులు పేర్చి, కాలితో తన్ని చూసి, అప్పుడు కిందికి దూరాడు. ట్యాంకులో మిగిలిన గాలి వదిలేశాడు. గొట్టం విప్పాడు. పై నట్లు రెండూ తుప్పు పట్టి ఉన్నాయి. అవి కదిలేసరికి అరచెయ్యి చర్మం లేచిపోయింది.

మొదటి సంచి ఊడగానే దాన్ని తీసుకుని మంచం దగ్గరికి పరిగెత్తాడు. "ఇదేనయ్యా దొంగ!"

సుంకులమ్మ ముక్కు మూసుకుంది. "ఈ పాడు తిత్తిని ఇంట్లోకి తెస్తావా?"

"తిత్తి కాదక్కా, ఎయిర్ బ్యాగు."

రంగప్పయ్య నవ్వబోయి దగ్గారు. దగ్గు ఆగాక ఆ రబ్బరును వేళ్ళతో తడిమారు. "ఎక్కడ పగిలింది?"

"మడత దగ్గరయ్యా. రోజూ వంగే చోటే పగుల్తుంది."

"వంగకుండా ఉంటే పగలదు గదా?"

"వంగకపోతే అది తిత్తి ఎట్లవుతుందయ్యా? రోడ్డు మీది దెబ్బంతా మనిషికే తగుల్తుంది."

ఆయన అతని ముఖంలోకి చూశారు. "చెప్పినావు గదా" అని కళ్ళు మూసుకున్నారు.

ఏం చెప్పానో యుగంధర్‌కు తెలియలేదు. అడిగే తీరిక కూడా లేదు. "అయ్యా, చెన్నైలో మనిషికి కూడా కొత్త తిత్తులు వేస్తారట. వేలూరు వాళ్ళే రాసిస్తారు. నేను మాట్లాడతా" అంటూ మళ్ళీ కిందికి దూరాడు.

రెండో సంచి బిగిస్తుండగా పైనుంచి గొంతు వినబడింది. చాలా నెమ్మదిగా.

"దించు నాయనా."

"ఇంకొక్క నట్టయ్యా! బిగించగానే దించేస్తా."

కాసేపాగి మళ్ళీ. "దించు."

"అయిపోవచ్చిందయ్యా!"

వెనక తలుపు ముందు చీపురు చప్పుడైంది. సుంకులమ్మ రాళ్ళు ఏరి, నేల ఊడ్చి, చెంబుతో నీళ్ళు చల్లుతోంది. యుగంధర్ చక్రాల మధ్య నుంచి చూసి సంతోషపడ్డాడు.

"మేలు చేశావక్కా. నట్ల మీద దుమ్ము పడకుండా ఉంటుంది."

ఆమె చెంబు బోర్లించి అక్కడే కూర్చుంది.

ఇంజను వేశాడు. డ్రైవరు సీటు ముందు గాలి ఒత్తిడి చూపే ముల్లు కదిలింది. నలభై, అరవై, ఎనభై. సంచుల్లోకి గాలి ఎక్కుతుంటే బస్సు గొంతుక్కూర్చున్న ముసలిదానిలా మూలిగి, మొద్దులను వదిలి లేచింది. యుగంధర్ సబ్బునురుగు తెచ్చి గొట్టం చివర్ల మీద పూశాడు. ఒక్క బుడగ లేదు. ఇరుసు నుంచి చట్రానికి టేపు పెట్టి రెండువైపులా కొలిచాడు. సమానం. జాకీలు లాగేశాడు, మొద్దులు తీసేశాడు, ఇంజను ఆపాడు. రెండు గంటల నలభై నిమిషాలు. ఇంకా ఇరవై నిమిషాలు మిగిలాయి.

"లేచిందయ్యా!" అని అరుస్తూ వెనక తలుపు దగ్గరికి వచ్చాడు.

రంగప్పయ్య మంచం మీద లేరు.

తలుపు దగ్గర, మెట్లకు పైన, బస్సు నేల మీద కూర్చుని ఉన్నారు. మంచం నుంచి అక్కడిదాకా ఎలా జరిగారో. ముక్కు దగ్గరి గొట్టం భుజం మీదికి జారిపోయింది. సిలిండర్ ముల్లు యుగంధర్ అనుకున్నదానికంటే చాలా కిందికి వచ్చేసి ఉంది. అతని లెక్క మామూలుగా పీల్చే మనిషికి.

"బాగా చేసినావు" అన్నారు గురువు. ఒక్కొక్క మాటకూ ఒక ఊపిరి. "దించు."

"దించేశానయ్యా. జాకీలు, మొద్దులు అన్నీ తీసేశాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. కాలు చాచి చూపించారు. కింది మెట్టు మీద పెట్టిన పాదానికి నేల ఇంకా మూరెడు దూరంలో ఉంది. ఆ నేల ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది.

యుగంధర్ సుంకులమ్మ వైపు తిరిగాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"మా నాయనను కూడా పొద్దు గుంకకముందే నేలకు దించినాం అబ్బీ" అంది. "మంచం మీద పోనీరు గదా."

"నేను ఎత్తుకుంటానయ్యా" అన్నాడు యుగంధర్. "ఎత్తుకుని ఆసుపత్రికి... ఆరుగంటలే..."

"ఎత్తొద్దు. నేనే దిగుతా." రంగప్పయ్య మెట్టు మీద అరచెయ్యి ఆనించారు. "ఇల్లు దించు."

యుగంధర్ అక్కడే నిలబడ్డాడు. నెత్తురు ఎండిన అరచేతిని చూసుకున్నాడు. గని అవతల రాళ్ళు కోసే రంపం ఒకటి అరిచి ఆగింది.

తర్వాత పానా తీసుకున్నాడు. చక్రం వెలుపలే మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి మాత్రం లోపలికి చాచి, తాను బిగించిన గొట్టం నట్టును వెనక్కి తిప్పాడు. గాలి బుస్సుమంది. అవతలి వైపుకు వెళ్ళి రెండోదీ తిప్పాడు. బస్సు కుదుపు లేకుండా, కొంచెం కొంచెంగా, ముసలి ఏనుగు కూర్చున్నట్టు దిగసాగింది. రెండు కొత్త తిత్తులూ చల్లటి గాలిని అతని ముఖం మీదికి వదిలాయి. ఆ చప్పుడులో గురువుగారి ఊపిరి ఏదో, తిత్తి ఊపిరి ఏదో తెలియలేదు.

కింది మెట్టు నేలకు జానెడు దూరానికి వచ్చింది. రంగప్పయ్య ముందుకు జరిగి, రెండు పాదాలూ తడినేల మీద పెట్టారు. వేళ్ళు మట్టిలోకి ముడుచుకున్నాయి.

"చాలు నాయనా" అన్నారు.

యుగంధర్ చేతిలో పానా అలాగే ఉంది. నట్టు మళ్ళీ బిగించలేదు.