దిల్వర్ షా తొలి రొట్టె వ్రతము

అందరును చేతిలో చిటికెడు గోధుమపిండి పట్టుకొని, ప్రక్కవారితో ముచ్చట్లు మాని, ఈ కథ వినవలెను.

ఒకనాడు వేణుదత్తుడను ముని శీతలమునిని సమీపించి, మంత్రము తెలియనివారికిని, పూజాద్రవ్యములు లేనివారికిని, ఎదురుచూచి కన్నులు కాయలు కాచినవారికిని తగిన వ్రతమేదైన కలదా యని యడిగెను. శీతలముని, పంచనద దేశమున ఒక ఫకీరు చెప్పిన వ్రతము కలదనియు, దానికి పురోహితుడు కూడ నక్కరలేదనియు పలికి, ఇట్లు చెప్పదొడగెను.

చంద్రభాగా నదీతీరమున, పొగమంచు ఎక్కడ ముగియునో నీరు ఎక్కడ మొదలగునో తెలియని యొక ఊరిలో, సాలెవాని యింట ఆ ఫకీరు దిల్వర్ షా జన్మించెను. పసితనమున మగ్గము ముందు కూర్చుండి, దారము చేతబట్టి, ఏటివంక చూచుచు పని మరచుచుండెను. తండ్రి తిట్టి తిట్టి అలసెను. యౌవనమున నతడు గురువును వెదకుచు ఏడేండ్లు తిరిగి, మసీదు మెట్లమీదను గుడి అరుగులమీదను నిద్రించెను. తుదకు ఒకనాడు, ఆకలితో సోలుచుండగా, ఎవరో పేరైన అడుగక వేడి రొట్టె పెట్టిరి. అది తిని యతడు అక్కడనే కూలబడి యేడ్చెను. వెదకినది దొరకెనని గ్రహించెను.

పిమ్మట ఊరికి మరలివచ్చి, అందరికి ఉమ్మడియైన తందూరి పొయ్యిని కాచు పనికి కుదిరెను. అది నేలలో పాతిన పెద్ద మట్టిబాన. ఆడువారు ఇంట పిండి కలిపి తెచ్చి, దాని వేడి గోడకు రొట్టెలు చరచి కాల్చుకొనిపోవుదురు. దిల్వర్ షా పుల్లలెగదోయుచు, తనలో తానేదో పాడుకొనుచు, ప్రతి గురువారము తొలి రొట్టెను మొదట వచ్చి చేయి చాచినవారికి ఇప్పించుచుండెను. పేరడుగరాదు, ఊరడుగరాదు, ఏ దేవుని కొలుతువని అడుగరాదు. ఇదియే నియమము. కాజీగారును పండితుడును ఇది తగదనిరి. ఆ యిద్దరికి అభిప్రాయము కలిసినది జన్మమున ఆ యొక్కసారియే.

ఆ యూర సుర్జనుడను ఉప్పు వర్తకుడుండెను. అతని భార్య భాగవంతి. సుర్జనుడు ఉప్పు బస్తాలతో దిగువకు పోవుచుండగా నడియేట పడవ మునిగెను. పడవవాడైన నిహాలు, వర్తకుడు పట్టుకొన్న తెడ్డును గుంజికొని, తానొక్కడే ఒడ్డు చేరి పరారయ్యెనని గట్టునున్నవారు చెప్పిరి. శవము దొరకలేదు. బంధువులు బొట్టు చెరుపుకొనుమనిరి. భాగవంతి వినక, ఫకీరు కడకేగి, తన భర్త వచ్చునా రాడా యని యడిగెను. వచ్చునని కాని రాడని కాని యతడు చెప్పలేదు. నలువది గురువారములు నీ చేతితో తొలి రొట్టె ఇమ్మని మాత్రము చెప్పెను.

ముప్పదితొమ్మిది వారములు ఆమె తప్పక ఇచ్చెను. ఊరు వెలివేసినవానికి నిచ్చెను, జమీందారు వచ్చిననాడు జమీందారుకును ఇచ్చెను. ఇచ్చుచున్నకొలది ఫకీరుపై భక్తి ముదిరెను. కడపటి వారము, ఇంతటి మహాత్ముడుండగా ఈ రొట్టె ఇంకొకరికి పోవుటేమని తలచి, నేయి పూసి, క్రొత్తగుడ్డలో చుట్టి దాచెను. అంతలో ముసుగు కప్పుకొన్న వాడొకడు వచ్చి చేయి చాచెను.

"అది బాబాగారికి తీసిపెట్టాను నాయనా. కాస్త ఆగు, ఇంకోటి కాలుతోంది" అని భాగవంతి మెల్లగనే పలికెను.

అతడు చాచిన చేయి వెనుకకు తీసికొని వెడలిపోయెను. ఆ క్షణము మొదలు ఆమె చరచిన రొట్టెలు గోడకు నిలువక బూడిదలో పడెను. ఇంట ఉప్పుకొట్టు చెమర్చి, వారము తిరుగకముందే నీరై వీధిలోనికి పారెను.

ఆమె ఆ రొట్టె పట్టుకొని పోయి ఫకీరు ముందు విలపించెను. అతడు దానిని ముట్టలేదు.

"నాకెందుకు తల్లీ? నేను రోజూ పొయ్యి దగ్గరే ఉంటాను. వాడు ఎంత దూరం నడిచొచ్చాడో. మళ్ళీ మొదలుపెట్టు" అనెను.

ఆ యేటి చలికాలముననే దిల్వర్ షా, పొయ్యి వెచ్చదనమునకు ఒరిగి, నిప్పువంక చూచుచు, పాట సగములో నుండగనే కన్నుమూసెను. ఊరంతయు ఏడ్చెను. కాజీగారును ఏడ్చిరి, పండితుడును ఏడ్చెను.

భాగవంతి మరల మొదలుపెట్టెను. ఆమె రొట్టెలలో తొలిది మాత్రమే గోడకు నిలుచుచుండెను. దానిని ఇచ్చివేసి తాను పస్తుండెను. అట్లు నలువదియవ గురువారము వచ్చెను. పొగమంచులోనుండి మొదట వచ్చినవాడు నిహాలు. నేడు మొగమునకు ముసుగు లేదు. పేరడుగ పని లేకపోయెను. చుట్టునున్న స్త్రీలు పిండి పిసుకుట మానిరి. భాగవంతికి వానిని ఆ నిప్పులలో త్రోయవలెనని తోచెను. ఇది దాచదగినది కాదు గనుక చెప్పుచున్నాను. చాలసేపు నిలిచి, చేయి కాలుచుండగా, రొట్టె వాని చేతిలో పెట్టెను.

నిహాలు నిలుచుండియే తిని, ఆమె పాదములకడ కూలబడెను.

"కిందటిసారి చెబుదామనే వచ్చానమ్మా. ఆగమన్నావు. గుర్తుపట్టావేమోనని భయపడి పారిపోయాను. నీ పెనిమిటి బతికే ఉన్నాడు, నా కళ్ళతో చూశాను. దిగువన జాలర్ల పాకలో ఉన్నాడు. తలకి దెబ్బ తగిలి తన పేరు తనే చెప్పుకోలేడు. వాళ్ళు అడక్కుండానే ఇన్నాళ్ళూ రొట్టె పెడుతున్నారు" అని చెప్పెను.

భాగవంతి బండి కట్టించుకొని పోయి భర్తను తెచ్చెను. రొట్టెలు గోడకు నిలిచెను, ఉప్పుకొట్టు మరల నిండెను, సుర్జనునకు మెల్లమెల్లగా తెలివి వచ్చెను. ఒక గురువారము అతడు కర్ర ఊతగా పొయ్యికడకు వచ్చెను. అతనికి ముందుగా గాజులమ్ము ముసలమ్మ యొకతె నిలిచియుండెను. భాగవంతి తొలి రొట్టె ముసలమ్మకిచ్చి, రెండవది భర్తకిచ్చెను. అతడు ఆ ముసలమ్మ ప్రక్కనే కూర్చుండి తినెను.

కావున ఓ వేణుదత్తా, ఈ వ్రతమును ఇల్లు గలవారు చేయవలెను, పొయ్యి మాత్రమే గలవారును చేయవలెను. కోపము చల్లారనివారు తప్పక చేయవలెను. చేసినవారికి పిండి తరుగదు, పొయ్యి ఆరదు. దూరమేగినవారు మరలివత్తురు. రానివారికి, మనమెరుగని ఏదో వాకిట, పేరడుగని చేయి యొకటి తొలి రొట్టె పెట్టును.