వసూలువాడి నోటిపాఠం

గవరయ్య మాస్టారి దగ్గర మృదంగం నేర్చుకోవాలంటే ముందు నోరు తెరవాలి. 'తకధిమి' లాంటి జతి ఏదైనా సరే, తాళం వేస్తూ నోటితో తప్పు లేకుండా చెప్పందే వాద్యం మీద చెయ్యి పడనిచ్చేవారు కాదు. "ముందు చెప్పు, తరవాత వాయించు" అనేవారు. మధ్యలో ఆగిపోతే తిట్టేవారు కాదు, మాట అందించేవారూ కాదు. తొడ మీద ఆదితాళం వేసుకుంటూ కూర్చునేవారు. అది రెండు చుట్లు, అంటే రెండు ఆవర్తాలు కానీ, పది కానీ, మనకు మాట వచ్చేదాకా ఆ చెయ్యి ఆగదు. ఆ చప్పుడు వింటూ కూర్చోవడం కంటే వీపు మీద రెండు తినడం నయమని శిష్యులందరం అనుకునేవాళ్ళం. కాకినాడలో ఆయన అద్దెకుండే వాటా ముందుగదిలో పదేళ్ళు ఆ శిక్ష అనుభవించాను.

ఒక బుధవారం పొద్దున త్రిమూర్తులు వచ్చి పాఠానికి కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడి, "అప్పు ఎగ్గొట్టినోడికి కోపం వచ్చే హక్కుంటాదాండి, మాస్టారూ?" అని అడిగాడు.

అతని సంగతి మాకందరికీ తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది, ఊరంతటికీ ఫోన్లు చేసి మరీ చెప్పారు కదా. త్రిమూర్తులు హరికథలకీ, డాన్సు స్కూళ్ళకీ మృదంగం వాయించి బతికేవాడు. అప్పటికి ఏడేళ్ళ కిందట టై కట్టుకున్న మనిషొకడు ఇంటికొచ్చి, నోరారా 'సార్, సార్' అని పిలిచి, కాఫీ తాగి, క్రెడిట్ కార్డు అంటగట్టి పోయాడు. దాని మీద త్రిమూర్తులు మైకుసెట్టు కొన్నాడు. కొన్నాళ్ళు కట్టాడు. తరవాత రెండేళ్ళు హరికథలూ లేవు, డాన్సు ప్రోగ్రాములూ లేవు. కట్టడం మానేశాడు. ఇందులో అతని తప్పు లేదని నేను అనను, అతనూ అనడు. బ్యాంకువాళ్ళు ఆ బాకీని ఎవరికో అమ్ముకున్నారు, ఆ ఎవరో ఇంకెవరికో అప్పగించారు. 'సార్' పోయి 'ఒరేయ్' వచ్చింది. రోజుకి ముప్పై ఫోన్లు. అత్తగారికి చేశారు, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళకి చేశారు, చివరికి ఇస్త్రీ బండి ఆయనకీ చేశారు. డాన్సు టీచర్లకి చేస్తే అందులో ఇద్దరు ఈసారికి వేరే మనిషిని చూసుకున్నామని త్రిమూర్తులికి కబురు పెట్టారు. నాకూ చేశారు. "త్రిమూర్తులు మీకేమవుతాడు?" అన్నాడు అవతలివాడు. "ఎవరో నాకు తెలీదు" అని ఫోను పెట్టేశాను. పదేళ్ళు అతని పక్కన కూర్చుని ఒకే తాళం వేసినవాణ్ణి! ఆ సంగతి అప్పటికి ఎవరికీ చెప్పలేదు.

ఆ ముందురోజు సాయంత్రం త్రిమూర్తులు స్నానానికి వెళ్తే ఫోను అతని కూతురు ఎత్తింది. పదకొండేళ్ళ పిల్ల. "మీ నాన్న దొంగ. రేపు మీ స్కూలు గేటు దగ్గర నిలబడి అందరికీ చెప్తా" అన్నాడు వసూలువాడు. అంతటితో ఊరుకున్నా పోయేది. బాకీ తీరడానికి వాళ్ళమ్మని ఏం చెయ్యమనాలో కూడా ఆ పిల్లకే చెప్పాడు. ఆ మాట నేనిక్కడ రాయను. పిల్లకి అది అర్థం కాక, తిన్నగా వెళ్ళి వాళ్ళమ్మనే అడిగింది. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

"ఆడి పీక పిసికేద్దామనిపించిందండి" అన్నాడు త్రిమూర్తులు. "అంతలోనే, తీసుకున్నది నువ్వు, ఎగ్గొట్టింది నువ్వు, నీకు కోపమేంట్రా అనిపించింది. ఇంక నావల్ల కాదండి. ఇది ఇచ్చేత్తాను. ఇదిత్తే ఫోన్లు ఆపేత్తానన్నాడు. సందు చివర నిలబడున్నాడు."

'ఇది' అంటే గుడ్డ గలీబులో కట్టేసి ఉన్న అతని మృదంగం. పనసకర్రది, మంచి నాదం. గుమ్మని మోగడానికి ఎడమవైపు అద్దే రవ్వముద్దని కూడా గీకేసి, శుభ్రంగా తుడిచి తెచ్చాడు. అది చెయ్యి దాటితే అతనికి ఇంకో పని రాదు. మళ్ళీ కొనుక్కునే తాహతు లేదు.

మాస్టారు గలీబు వైపు చూసి, "పనిమీదొచ్చిన మనిషిని సందులో నిలబెట్టడమేంట్రా? లోపలికి రమ్మను" అన్నారు.

వచ్చినవాడికి ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. ఆ కార్డుని పేరు కనబడకుండా తిప్పి వేసుకున్నాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, మాస్టారికి నమస్కారం పెట్టి, చూపించిన చాప మీద బుద్ధిగా కూర్చున్నాడు. పేరు అడిగితే కిశోర్ అన్నాడు. మంచినీళ్ళిస్తే తాగాడు. నాకు ఆ గ్లాసు లాక్కోవాలనిపించింది.

"నిన్న సాయంత్రం వీళ్ళింటికి ఫోను చేసింది మీరేనా?" అని అడిగారు మాస్టారు.

"ఆయ్, నేనేనండి. ఈ కేసు నాదేనండి."

"పాపతో ఏదో అన్నారట. నేను వినలేదు. ఒకసారి అనండి, వింటాను."

కిశోర్ నవ్వాడు. "అవన్నీ ఫోన్లో ఏదో అంటామండి. పట్టించుకోకూడదు."

"ఏదో కాదు. అదే మాట, అదే గొంతుతో కావాలి. మా ఇంటి పద్ధతి అంతే. నోటితో చెప్పాకే మృదంగం మీద చెయ్యి వెయ్యాలి. చెప్పండి, చెప్పి తీసుకెళ్ళండి" అని మాస్టారు తొడ మీద తాళం మొదలుపెట్టారు. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, అరచెయ్యి తిప్పు, దెబ్బ, తిప్పు.

మొదటి ఆవర్తం ఊరికే పోయింది. రెండోదానిలో కిశోర్ గొంతు సవరించుకుని, "మీ నాన్న దొంగ అన్నానండి" అన్నాడు, నేల చూస్తూ. తరవాతి మాట రాలేదు. మాస్టారి చెయ్యి నడుస్తూనే ఉంది. వంటింటి గుమ్మంలోకి మాస్టారి భార్య సూరమ్మగారు వచ్చి నిలబడ్డారు. కిశోర్ ఆవిణ్ణి చూశాడు, మమ్మల్ని చూశాడు, వీధి గుమ్మం వైపు చూశాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"అలాగంటేగానీ కట్టరండి. మామీదా పైనుంచి నొక్కుతారండి" అన్నాడు. గొంతు కాస్త లేచింది. "అయినా ఈయన అంత మంచోడైతే, ఫోను చేసినప్పుడు పక్కనోళ్ళే ఎవరో తెలీదని ఎందుకంటారండీ? సగం మంది అలాగే అన్నారు."

నేను తల దించుకున్నాను. మాస్టారు నావైపు చూశారో లేదో నాకు తెలియదు. తాళం మాత్రం ఆగలేదు.

"రెండో మాట మిగిలిపోయింది" అన్నారాయన.

"ఆ మాట ఆడోళ్ళ ముందు ఎలా అంటామండి?"

"పదకొండేళ్ళది ఆడపిల్ల కాదట్రా, నీ నోరు పడిపోను!" అని సూరమ్మగారు అరిచారు. ఆ ఇంట్లో అంత గట్టి మాట నేనెప్పుడూ వినలేదు. వినిపించినందుకు నాకు ఎంతో తృప్తిగా ఉంది, దాచుకోవడమెందుకు.

మాస్టారు మా జతుల లెక్కల కోసం ఉంచిన నోటుపుస్తకం ఎడమచేత్తో తీసి అతని ముందు పెట్టారు. "చెప్పలేకపోతే రాయండి. మిమ్మల్ని ఎవరు పంపారు, వీడు ఎంత కట్టాలి, నిన్న ఏమన్నారు. కింద సంతకం పెట్టండి. అది చాలు, మృదంగం నేనే మోసుకొచ్చి మీ బండి మీద పెడతాను."

కిశోర్ జేబులో పెన్ను ఉంది. దాని జోలికి పోలేదు. పైవాళ్ళని అడిగి వస్తానని గొణిగి లేచాడు. చెప్పులు వేసుకుంటుంటే మాస్టారు, "అప్పు తనదని వాడు ఒప్పుకుంటున్నాడు. ఆ మాట నీదని నువ్వెందుకు ఒప్పుకోవూ?" అన్నారు. అప్పటిదాకా మీరు అన్నవారు మొదటిసారి నువ్వు అన్నారు. అతను వెనక్కి చూడకుండా సందులోకి వెళ్ళిపోయాడు.

గండం గడిచిందని త్రిమూర్తులు ఊపిరి వదిలాడు. కాని మాస్టారి చెయ్యి ఇంకా తొడ మీద ఆడుతూనే ఉంది. "ఇప్పుడు నీ వంతు" అన్నారు.

"నేనేం చెప్పాలండి?"

"నీ బాకీ సంగతి వాడు ఊరందరికీ చెప్పాడు. నువ్వు ఎవరికైనా చెప్పావా?"

చెప్పలేదు. మూడు సిమ్ములు మార్చాడు. భార్యతో రాంగు నంబర్లని అబద్ధమాడాడు. డాన్సు టీచర్లకి ముఖం చాటేశాడు. మూడు ఆవర్తాలు గడిచాయి. నాలుగోదానిలో అతని నోరు పెగిలింది.

"నేను బాకీ ఉన్నానండి. మైకుసెట్టుకి వాడుకున్నాను. ఎవరికి ఎంత కట్టాలో కాగితం మీద చూపిస్తే నాకు కుదిరినంత కడతాను. ఈ మాట ఎక్కడైనా చెప్తాను." అక్కడ ఆగాడు, మళ్ళీ అందుకున్నాడు, ఈసారి మేడ మీది వాటావాళ్ళు కిటికీ తెరిచి చూసేంత గట్టిగా. "నా కూతురితో, నా పెళ్ళాం గురించి అన్న మాట మాత్రం పడనండి! చచ్చినా పడను! నాకు కోపంగా ఉందండి!" తరవాత చిన్న గొంతుతో, "తప్పాండి?" అన్నాడు.

మాస్టారు తాళం ఆపారు. "తాళం ఎక్కడా తప్పలేదు. గలీబు విప్పు" అన్నారు.

సూరమ్మగారు గిన్నెలో రవ్వ తడిపి తెచ్చి ఇచ్చారు. త్రిమూర్తులు ముద్ద చేసి ఎడమవైపు అద్దుకున్నాడు, తట్టి చూసుకున్నాడు, వాయించడం మొదలుపెట్టాడు. ఆ రోజు అతని ఎడమచేతి దెబ్బకి గూట్లో గ్లాసులు కదిలాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనూ అతనితో కలుద్దామని నా మృదంగం ఒళ్ళోకి లాక్కున్నాను.

మాస్టారు దాని మీద అరచెయ్యి అడ్డంగా పెట్టారు. రెండో చెయ్యి ఆయన తొడ మీద మళ్ళీ తాళం మొదలుపెట్టింది.

"నువ్వింకా చెప్పలేదు" అన్నారు.