తాబేలత్త అరువిచ్చిన చీకటి

అనగనగా ఒక సముద్రం అడుగున, పగడపు దిబ్బ మీద, వరహాలు అనే నారింజ చారల చేప ఉండేవాడు. ఆ చేపల్లో గుడ్లకు కాపలా కాసేది నాన్నే. మరి అమ్మ ఏం చేస్తుందంటారా? పెత్తనం!

ఒడ్డున కొత్తగా హోటల్ కట్టారు. రాత్రంతా దీపాలే దీపాలు. ఆ వెలుగు దిబ్బ దాకా వచ్చేది.

"ఇక్కడే గూడు పెడదాం. మన గుడ్లను ఊరంతా చూడాలి!" అన్నాడు వరహాలు.

"వద్దు నాయనా," అంది పక్కనున్న ముసలి పగడం. "మా పగడాలన్నీ ఒకే రాత్రి గుడ్లు వదలాలి. ఈ వెలుగులో పున్నమి ఎప్పుడో తెలియక నేను ముందే వదిలేశాను. అన్నీ పాడైపోయాయి. నువ్వు అవతల చీకటి వైపు పో. తాబేలత్త తోడుంటుంది."

"ఆ చీకటి కొంపకా? తాబేలత్త మొహం తాబేలత్తకే కనబడదు!" అని అవతలి దాకా వినబడేలా పకపకా నవ్వాడు వరహాలు.

"నీ ఇష్టం. తేడా వస్తే మాత్రం నీ పని చెప్తా," అని అతని భార్య నూకాలు అక్కడే గుడ్లు పెట్టింది.

వరహాలు రెక్కలతో విసురుతూ కంటికి రెప్పలా కాచాడు. గుడ్లలో చిన్ని కళ్లు మెరిశాయి. పిల్లలు రావాల్సిన రాత్రి వచ్చింది. ఒక్కరూ రాలేదు. మర్నాటి రాత్రి బతిమాలాడు, "రండి, నా బంగారాల్లారా!" ఊహూ. మూడో రాత్రి కసిరాడు, "ఎంత బద్ధకంరా మీకు!" అప్పుడు చూశాడు, లోపలి కళ్లలో మెరుపు తగ్గుతోంది.

"బద్ధకం కాదురా," అంది పగడం. "చీకటి పడితేగాని వాళ్లు గుడ్డు చీల్చుకోరు. ఇంకా పగలే అనుకుంటున్నారు పాపం. ఈ రాత్రి కూడా రాకపోతే లోపలే చచ్చిపోతారు."

వరహాలు బింకమంతా వదిలేసి తాబేలత్త దగ్గరికి పరుగెత్తాడు.

"అత్తా, తప్పయింది. కాస్త చీకటి అరువివ్వవూ!"

"నా మొహం నాకే కనబడదు కదా అల్లుడూ, దారెలా కనబడుతుంది?" అంటూనే తాబేలత్త వచ్చి, గూటికి పైన డిప్ప అడ్డం పెట్టింది.

కటిక చీకటి! వరహాలు ఎంత కళ్లు చించుకున్నా ఏమీ కనబడలేదు. అంతలో మూతి మీద గిలిగింత. తర్వాత రెక్క మీద. తర్వాత ఒళ్లంతా!

"పుట్టారే నూకాలూ, పుట్టారు! కానీ నేను చూడనేలేదే!" అని ఏడుస్తూ నవ్వాడు వరహాలు.

"వాళ్లు పుట్టింది నువ్వు చూడ్డానికా?" అంది నూకాలు.

నీతి: మన గొప్ప చూపించుకునే వెలుగు కన్నా, పిల్లలకు కావాల్సిన చీకటే మేలు.