పిట్టకథ మింగిన దాసు

ముఖలింగం దాసుగారిని ప్రశ్న అడిగి తిన్నగా జవాబు రాబట్టినవాడు మా శిష్యుల్లో ఒక్కడూ లేడు. ఎంత పెద్ద సందేహం తెచ్చినా “సరేలే, ముందు కథ ఎత్తుకో” అనేవారు. హరికథ చెప్పి బతికేవాడికి వాదన దేనికని ఆయన అభిప్రాయం. కోపంతో వచ్చినవాడైనా, కళ్లనీళ్లతో వచ్చినవాడైనా ముందు చిడతలు పట్టుకోవలసిందే. ఇది బాగా తెలిసి కూడా అప్పలాచారి ఆ శనివారం మధ్యాహ్నం ప్రశ్నతోనే వచ్చాడు. పైగా చేతిసంచిలో బరువు చూసుకునే మిషను పెట్టుకుని మరీ వచ్చాడు.

అప్పలాచారిది మా అందరిలోకి మంచి కంఠం. కాని హరికథకు కంఠం ఒక్కటే చాలదు. కాళ్లకు గజ్జెలు కట్టి, నిలబడి, అడుగు వేస్తూ చెప్పాలి. అతనికేమో ఒళ్లు ఏటికేడాదీ పెరిగిపోయింది, మోకాళ్లు మొరాయించాయి, చివరికి సభలో కుర్చీ వేయించుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ సంగతి తెలిసిన రోజునే దాసుగారు అతని గజ్జెలు అడిగి తీసుకుని తన గది గోడకు తగిలించారు. “నిలబడ్డ రోజున వచ్చి పట్టుకుపో” అన్నారు. కేకలెయ్యలేదు, మొహం చిట్లించలేదు. అందుకే అతనికి మరీ గుచ్చుకుంది.

కూర్చుని చెప్పినా ఆయాసం మాత్రం వదల్లేదు. ఆయాసపడేవాడికి కథ ఎప్పుడు ముగుస్తుందా అనే ధ్యాస. అందువల్ల పిట్టకథలు ఎగరగొట్టడం అలవాటు చేసుకున్నాడు. అసలు కథను ఒకచోట ఆపి, జనం కాసేపు నవ్వుకోవడానికి చెప్పే చిన్న కథే పిట్టకథ. దానికోసమే సభకు వచ్చేవాళ్లు సగంమంది ఉంటారు. అప్పలాచారి మాత్రం గండం గడిస్తే చాలునన్నట్టు తిన్నగా మంగళహారతిలోకి దిగిపోయేవాడు.

కిందటేడు ధైర్యం చేసి విశాఖపట్నం వెళ్లి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాడు. కడుపు కట్టుకోలేక కోయించుకున్నాడని మా ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. గ్లాసుడు మంచినీళ్లు పూటంతా గుక్కగుక్కగా తాగుతూ గడిపిన మనిషి అవస్థ ఆ నవ్వినవాళ్లకేం తెలుస్తుంది? నాకు ఇప్పటికీ వాళ్లమీద ఒళ్లు మండుతుంది. అతను గుప్పెడు తిండితో సరిపెట్టుకుంటూ, తెల్లవారకుండానే లేచి నడుస్తూ, డాక్టరు చెప్పినవి చెప్పినట్టు చేశాడు. బరువు ఎండాకాలం నూతిలో నీళ్లలా దిగుతూ వచ్చింది. బుగ్గలు తగ్గి, మొహంలో చిన్నప్పటి అప్పలాచారి మళ్లీ కనబడ్డాడు. మాకందరికీ సంతోషంగా ఉండేది.

అంతలో ఒకనాడు ఆ దిగడం ఆగిపోయింది. ఏ పొద్దున చూసినా మిషను మీద అదే అంకె.

“గురువుగారూ, ఆగిపోయిందండి” అన్నాడు సావిట్లో కూలబడి. “ఏటి తప్పు చేసినానో తెలీడం లేదండి. తిండిలో తేడా లేదు, నడకలో తేడా లేదు. డాక్టరుగారిని అడిగితే ఇది అందరికీ వచ్చేదే, ఒళ్లు కొత్త పద్ధతికి సర్దుకుంటోంది, తిండి మానకు, నడక మానకు, ఓపిక పట్టు అన్నారు. ఓపిక ఎన్నాళ్లని పట్టేది? రాత్రిపూట తిండి మానేశాను. అయినా కదల్లేదు, పైగా పొద్దున్నే కళ్లు తిరుగుతున్నాయి. ఒళ్లు ఎందుకిలా మొండికేసిందండి?”

“శ్రీరామనవమి పందిట్లో నిలబడి చెబుతానని మీ ఊరివాళ్లకు మాటిచ్చావు కదరా?”

“రాలేనని చెప్పేద్దామనుకుంటున్నానండి. ఇంకెవరినైనా పిలుచుకుంటారు.”

“కాళ్లు నొప్పా?”

“కాళ్లకేం లేదండి. బరువే ఇంకా నేననుకున్న చోటికి రాలేదు.”

అనుకున్న చోటు ఏదని ఆయన అడిగారు. మొదటిసారి గజ్జె కట్టిన ఏడు తానెంత బరువున్నాడో అంతకు దిగాకే మళ్లీ గజ్జె ముట్టుకుంటానని ఒట్టు పెట్టుకున్నాడట. అప్పటికింకా మూతిమీద మీసం కూడా లేనివాడు! హార్మోనియం ముందు కూర్చున్న నాకు నవ్వొచ్చింది. దాసుగారు మాత్రం నవ్వలేదు. మిషను అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టారు.

“సరేలే, ముందు కథ ఎత్తుకో. మా ఊరి అమ్మవారు కొండమ్మతల్లి పెళ్లి చెప్పు” అన్నారు.

శనివారాలు మధ్యాహ్నం ఆ వీధి ఆడవాళ్లు దాసుగారి సావిట్లో కథ వినడానికి చేరతారు. ఆవేళా చేరారు. అందరికంటే ముందు ఎర్నమ్మ వచ్చింది. పొరుగింటి ముసలమ్మ, ఒత్తిడికాయ అనే చిన్న రోట్లో ఆకూ వక్కా దంచుకుంటూ దాసుగారి కథలన్నీ వింటూ వచ్చిన మనిషి. ఒత్తిడికాయ పెట్టుకోవడానికి చోటు వెతికి, పక్కనున్న బరువు మిషను మీద పెట్టింది. అదేదో పీట అనుకుంది.

అప్పలాచారి అలవాటు ప్రకారం కుర్చీ వేసుకుని కూర్చుని కథ ఎత్తుకున్నాడు. కంఠం నిజంగా బాగుంది. కొండమ్మతల్లి పెళ్లికూతురై పీటల మీద ఉంది. పెళ్లికొడుకువారు మేళతాళాలతో బయల్దేరి ఏటి ఒడ్డుకు వచ్చారు. ఏరు పొంగి ఉంది. నీళ్లు తీసేదాకా పెళ్లివారంతా ఒడ్డునే విడిది దిగారు. ఇంతవరకూ చెప్పి, అప్పలాచారి ఒక్క ఊపిరి తీసుకుని, “అంతట ఏరు తగ్గెను, పెళ్లివారు దాటిరి” అంటూ వరుస అందుకోబోయాడు.

“ఆగు బాబూ ఆగు” అంది ఎర్నమ్మ. “గేదె కత ఏదీ?”

“అది... మరోసారి చెప్తానమ్మా.”

“ఏటి మరోసారి? ఒడ్డుకాడ గేదె కత ఉండాల. మీ గురువుగారు ఏనాడూ ఇడిసిపెట్టలేదు. మంచి పిట్టకత మింగీసినావేటి బాబూ?”

ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు. గుప్పెడు మెతుకులు మింగడానికి తంటాలు పడే మనిషిని పట్టుకుని అంత పెద్ద గేదెను మింగేశావన్నందుకు అప్పలాచారికీ నవ్వాగలేదు. దాసుగారి వైపు చూశాడు. ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు.

ఇక తప్పదని గేదె కథ ఎత్తుకున్నాడు. కొత్త అల్లుడికి అత్తవారు గేదెనిచ్చి పంపుతారు. దారి మధ్యలో గేదె నిలబడిపోతుంది. అల్లుడు పలుపు పట్టి లాగుతాడు, తోక మెలిపెడతాడు, బతిమాలతాడు, అత్తగారిని తిడతాడు, గేదెకు పాట పాడతాడు. గేదె కదలదు. ఇది కూర్చుని చెప్పగలిగే కథ కాదు. అల్లుడు లాగుతుంటే నడుం వెనక్కి వాలాలి, గేదె మొరాయిస్తుంటే మెడ బిగించాలి. రెండు మాటలయ్యేసరికి అప్పలాచారి లేచాడు. లేచానన్న ఎరుక అతనికి లేదు. ఉత్తరీయం తీసి పలుపు చేశాడు, దాన్ని పట్టుకుని సావిడి ఈ గోడనుంచి ఆ గోడదాకా లాగాడు. అటు తిరిగి గేదె అయ్యాడు, ఇటు తిరిగి అల్లుడయ్యాడు. చివరికి అల్లుడు విసిగి దారిపక్కన చతికిలబడతాడు. గేదె తాపీగా నెమరు వేసుకుంటుంది. నెమరంతా అయ్యాక తనంతట తానే కదిలి, పలుపుతో సహా అల్లుణ్ణి ఇంటికి ఈడ్చుకుపోతుంది.

ఎర్నమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నేను హార్మోనియం మీద వేళ్లు మరిచిపోయాను. ఆ ఊపులోనే అప్పలాచారి ఏరు తగ్గించాడు, పెళ్లివారిని దాటించాడు, అడుగు మీద అడుగు వేస్తూ తలంబ్రాలు పోయించాడు, మంగళహారతి అందుకున్నాడు. గజ్జెలు లేవు గాని, ఆ పాదం నేలను తాకే తీరు చూస్తే గజ్జెల చప్పుడు నా చెవులకు వినబడుతూనే ఉంది. హారతికి ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.

అంతా అయ్యాక చెమట తుడుచుకుంటూ, కూర్చుందామని వెనక్కి తిరిగాడు. కుర్చీ లేదు.

సావిడి చివర, గుమ్మం దగ్గర, దాసుగారు ఆ కుర్చీలో హాయిగా కూర్చుని ఉన్నారు. గేదె మొరాయించినప్పుడే తీసుకుపోయారట. మాలో ఎవరూ చూడలేదు.

అప్పలాచారి కుర్చీని చూశాడు, తన కాళ్లను చూసుకున్నాడు. ఆ పెద్ద మనిషి సావిడి నడుమ నిలబడి చంటివాడిలా ఏడ్చేశాడు. ఎన్నో ఏళ్ల తర్వాత నిలబడి పూర్తి చేసిన కథ అది. ఎర్నమ్మ లేచి వెళ్లి అతని వీపు నిమిరింది. “బాగుంది నాయినా, సానా బాగుంది” అంది.

కాసేపటికి తేరుకుని ముక్కు తుడుచుకున్నాడు. అయినా మనిషి మనిషే కదా, పాత ప్రశ్న వదల్లేదు.

“గురువుగారూ, మరి ఆ అంకె ఎందుకు ఆగిపోయిందో మీరు చెప్పనేలేదండి.”

దాసుగారు కుర్చీలోంచి లేచారు. “పెళ్లివారు ఒడ్డున దిగినప్పుడు కథ ఆపి గేదె సంగతి చెప్పావు. చాలాసేపే చెప్పావు. అంతసేపూ అక్కడ పెళ్లి ఆగిపోయిందట్రా?”

“లేదండి. పెళ్లి ఎందుకు ఆగుతుంది? ఏరు తీయాలి కదండీ. ఆ సందులోనే కదా పిట్టకథ...” అంటూ అప్పలాచారి మాట మధ్యలో ఆగాడు. ఎర్నమ్మ ఒత్తిడికాయ కింద ఉన్న మిషను వైపు చూశాడు. దాన్ని తీసి సంచిలో వేసుకోవడానికి మాత్రం ముందుకు రాలేదు.

దాసుగారు లోపలికి వెళ్లి గోడకున్న గజ్జెలు తీశారు. దుమ్ము దులిపి, కళ్లకద్దుకుని, శిష్యుడి దోసిట్లో పెట్టారు. పక్కగదివైపు తిరిగి, ఆచారికి ఒక ఉడకబెట్టిన గుడ్డూ కాస్త పెరుగూ తెమ్మని కేకేశారు. అవి రాగానే అతని భుజం మీద చెయ్యేసి ఇంత మాత్రం అన్నారు:

“నవమి పందిట్లో పిట్టకథ మింగకు. ఈ ముద్ద మింగు.”